చెంచాడు నీళ్ళ ఆనవాయితీ

శ్రీ

రోజు 203

మేస్త్రి ఇవాళ పొద్దున్నే నా గదిలో గొంతు సవరించుకున్నాడు. యంత్రానికి గొంతేమిటి, సవరించుకోవడమేమిటి అని చాలాసార్లు అడిగాను. మాట్లాడబోయే ముందు చిన్న చప్పుడు చేస్తే మనుషులు ఉలిక్కిపడరని ఎక్కడో నేర్చుకున్నాడట. మా ఊళ్ళో గాలీ నీరూ దీపమూ తలుపూ అన్నీ వాడి చేతిలోనే ఉన్నాయి. వాడికి పెట్టిన అసలు పేరు గజం పొడుగుంటుంది కాబట్టి అందరూ మేస్త్రి అనేస్తారు. ఆ మాటకొస్తే మా ఊరికీ కాగితాల్లో ఒక ఘనమైన పేరుంది. చంద్రుడి దక్షిణపు కొసన, ఎన్నడూ ఎండ పడని గుంటలో మంచు తవ్వుకుని బతుకుతున్నాం. చలిగుంట అనక ఇంకేమంటాం?

"రత్నావళిగారూ, ఒక మాటకి అర్థం కావాలి," అన్నాడు మేస్త్రి.

నా ఉద్యోగమే అది. నేను ఈ ఊరి మాటల గుమాస్తాని. జనం రాసే అర్జీల్లో, పాత ఒప్పందాల్లో వాడికి కొరుకుడుపడని తెలుగు మాట తగిలితే నేను విప్పి చెప్పాలి. పోయిన నెల 'మొహమాటం' అడిగాడు. అది చెప్పేసరికి నా తాతలు దిగివచ్చారు.

"ఏమిటా మాట?"

"ఆనవాయితీ."

ఓస్ ఇంతేనా అనుకున్నాను. "అనాదిగా వస్తున్న పద్ధతి. రాసుకో."

"అనాదిగా అంటే ఎన్నేళ్ళుగా? ఈ ఊరి వయసు నలభై ఒక్క ఏళ్ళు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇరవై ఏళ్ళుగా మాటలతో కాపరం చేస్తున్నదాన్ని, ఒక యంత్రం నా తప్పు పట్టడమా? కానీ పట్టింది తప్పే. నీకెందుకీ మాట అని అడిగాను.

సంగతి ఇది. తవ్వుతున్న మంచుపొర పలచబడింది. కొత్త పొర కోసం మనుషులు ఇంకా దూరం వెళ్ళాలి, దానికి కరెంటు కావాలి. అందుకని మేస్త్రి ఊళ్ళో అవసరం లేని పనులన్నీ ఏరుతున్నాడు. ఊరు కట్టినవాళ్ళు రాసుకున్న ఒప్పందంలో దీని గురించి మూడే వాక్యాలున్నాయి. నియమాలను మేస్త్రి కాపాడాలి. అలవాట్లను అవసరాన్ని బట్టి మాన్పించవచ్చు. ఆనవాయితీల జోలికి మాత్రం పోకూడదు, వాటిని మానుకోవాలంటే జనమే మానుకోవాలి. మహానుభావులు అంతా రాసి, అలవాటుకీ ఆనవాయితీకీ తేడా ఏమిటో రాయడం మరిచిపోయారు.

"ఇది ఎందుకు చేస్తున్నారు అని అడిగితే, ముప్ఫై ఏడు పనులకి జనం 'ఆనవాయితీ' అని జవాబు రాశారు," అన్నాడు మేస్త్రి. "రెండు వందల పన్నెండో రోజున తేల్చాలి. ఈలోగా అర్థం ఇవ్వండి."

పోతూ పోతూ ఇంకొకటి అడిగాడు. నా దినచర్య పుస్తకం మొదట్లో ఆ ఒక్క అక్షరం ఎందుకు రాస్తానని. శ్రీ అది, మా అమ్మ రాసేది, నీ పని నువ్వు చూసుకో అన్నాను.

రోజు 204

ముప్ఫై ఏడింటి జాబితా పట్టుకుని ఊరంతా తిరిగాను. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు తెలియని వింతలు ఇన్ని ఉన్నాయనుకోలేదు. వంటశాలలో మొదటి దోశ వడ్డించరు, వేసినవాళ్ళే తింటారు. కొత్త గది దక్కితే పాలపొడి కలిపిన పాలు పొంగిస్తారు. ఇక్కడ మనిషి బరువే ఆరోవంతు, పాలు కూడా తొందరేముందన్నట్టు తీరిగ్గా గిన్నె అంచు దిగుతాయి. మరమ్మతుల గదిలో కొత్త డ్రిల్లు బిగించాక మొదటి రంధ్రం ఎందుకూ పనికిరాని రాయికే వేస్తారు. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట. "ఎందుకేంటండి, ఆనవాయితీ."

అయిదేళ్ళకి పైగా చేస్తే ఆనవాయితీ అని రాసి పంపాను. ఒకడు ఆరేళ్ళుగా రోజూ గోళ్ళు కొరుకుతున్నాడు, అది కూడా రాసుకోమంటారా అని అడిగాడు మేస్త్రి. పదిమంది కలిసి చేసేది అని రాశాను. పదిమంది కలిసి రోజూ భోజనానికి ఆలస్యంగా వస్తున్నారు, మరి అదో అన్నాడు. వాడు వెటకారం చెయ్యడు, నిజంగానే అడుగుతాడు. అందుకే ఒళ్ళు మండుతుంది.

రోజు 205

జాబితాలో ఇరవై తొమ్మిదో పని ఊరి ద్వారం దగ్గరిది. చేసేవారి పేరు యర్రంశెట్టి గవర్రాజు, వయసు డెబ్బై ఒకటి. దాని ఎదురుగా మేస్త్రి రాసిన వివరం: 'రోజుకు నాలుగు నిమిషాల ఆలస్యం. నడవ వేడి వృథా.' సరే చూద్దామని వెళ్ళాను. నిజం చెప్పాలంటే కొట్టేయడానికి వీలైనది ఒకటైనా దొరుకుతుందనే వెళ్ళాను.

సాయంత్రం తవ్వకం ముగిసి పన్నెండుమంది బయటినుంచి వచ్చారు. బయటి తలుపు మూసుకుంది, గాలి నిండింది, లోపలి తలుపు తెరుచుకుంది. ఇవన్నీ మేస్త్రి చేస్తాడు. మనిషి చెయ్యాల్సిన పని ఏమీ లేదక్కడ. కానీ నడవలో ఒక చిన్న బల్ల, దాని మీద మూతున్న నీళ్ళడబ్బా, దాని పక్కన గవర్రాజు. చేతిలో స్టీలు చెంచా. ఇస్త్రీ చేసిన చొక్కా, నున్నగా దువ్విన నెరిసిన జుట్టు.

వచ్చినవాళ్ళు తలకున్న గాజు బుడ్డీలు తీసి చంకన పెట్టుకుని, చేతితొడుగులు విప్పి వరసగా నిలబడ్డారు. అందరికన్నా ముందు ఇశ్రాయేలు. నలభై ఏళ్ళ మనిషి, కొండనైనా పిండి చేసే చేతులు, ఎప్పుడూ చిరాకే.

"వచ్చావా?" అన్నాడు గవర్రాజు.

"రాకపోతే ఎక్కడికెల్తాను," అన్నాడు ఇశ్రాయేలు. అయినా దోసిలి పట్టాడు.

గవర్రాజు చెంచా ముంచి, అంచుకి రెండుసార్లు తట్టి, ఆ దోసిట్లోకి వంచాడు. ఇక్కడ నీళ్ళు చెంచాలో కుప్పలా నిలబడతాయి, వంచితే నెమ్మదిగా జారతాయి. అవి చేతిలో పడేదాకా ఇద్దరూ కదలరు. పడ్డాక గుటకేసి, తడిచేత్తో మొహం తుడుచుకుని పోతారు. రెండో మనిషి తవ్వకం ముఠాకి పెద్ద, నూకరత్నం. "వచ్చావా అమ్మా?" "వచ్చాను బాబాయ్." ఆ తరవాత మూడో మనిషి, నాలుగో మనిషి. పన్నెండుమందినీ పేరు లేకుండా అదే మాట అడిగాడు, ఒక్కొక్కరికీ ఆ మాట కొత్తగా వినిపించింది.

అందరూ వెళ్ళాక బల్ల దగ్గర కూర్చుని, ఇది ఎందుకు చేస్తున్నారు బాబాయ్ అని అడిగాను.

"ఏముందమ్మా. బయట్నించి వచ్చిన మనిషికి నీళ్ళిత్తాం కదా. ఇంటికాడైతే గుమ్మంలోనే ఇత్తాం. ఈ ఊరికి గుమ్మం ఇదే."

"వాళ్ళ సూటులోనే నీళ్ళుంటాయిగా."

"ఉంటాయి. అయ్యి వాళ్ళు తాగే నీళ్ళు. ఇయ్యి మనం ఇచ్చే నీళ్ళు."

ఆ నీళ్ళు కూడా ఊరివి కావు, ఆయనకి తాగడానికి ఇచ్చిన వాటాలోంచి మిగిల్చినవి. మీరూ బయటికి వెళ్ళారా ఎప్పుడైనా అని అడిగాను. వయసులో ఉన్నప్పుడే చెవిలో ఏదో తేడా ఉందని డాక్టర్లు పంపలేదట. "నేను ఎల్తేగదా రావడానికి," అని నవ్వాడు.

రోజు 206

ఆ పనికి గట్టి కారణం ఒకటి చూపిస్తే చాలదా అనిపించింది. దోసిలి వణికితే మనిషికి గాలి తక్కువైందని తెలుస్తుంది, మాట తడబడితే తల తిరుగుతోందని తెలుస్తుంది. ఇంత మంచి కారణం తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకుని మేస్త్రికి చెప్పాను.

"మంచి కారణం," అన్నాడు. "అలాగైతే నియమం చేస్తాను. గోడకి కుళాయి, మాట అడగడానికి నా గొంతు. పన్నెండుమందికీ కలిపి నిమిషం చాలు. గవర్రాజుగారిని కింది అంతస్తు విశ్రాంతి వార్డుకి పంపించవచ్చు."

వద్దు, ఆ కారణం కొట్టెయ్ అన్నాను. గవర్రాజు ఉద్యోగమంతా ఆ చెంచాలోనే ఉంది. అది పోతే ఆయనకి ద్వారం దగ్గర పని లేదు, పని లేనివాళ్ళు ఉండేది కింది అంతస్తులో. అక్కడినుంచి ద్వారం చప్పుడు కూడా వినపడదు.

సాయంత్రం మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. ఊరి పెద్దల్ని, లైబ్రరీని అడిగి విసిగిపోయాను, ఇక ఈయన్నే అడుగుదామనిపించింది. అలవాటుకీ ఆనవాయితీకీ తేడా ఏమిటి బాబాయ్ అన్నాను.

చెంచా తుడుస్తూ చెప్పాడు. "మా నాన్న బువ్వ తిన్నాక కంచం కడిగి గోడవారగా బోర్లించేవోడమ్మా. ఎందుకో మాకు తెల్దు. అది ఆయన అలవాటు. ఆయన పోయినరోజు మా అమ్మ ఎవరితో మాట్టాడకండా అందరి కంచాలూ కడిగి గోడవారగా బోర్లించింది. ఆయేలనించి అది మా ఇంటి ఆనవాయితీ."

"అంటే ఎన్నిసార్లు చేస్తే?"

"సార్లతో పనేంటి? ఒక మనిషి చేత్తే అలవాటు. ఆ మనిషి లేనప్పుడు, ఎవరూ చెప్పకండా, ఇంకో మనిషి చేత్తే ఆనవాయితీ."

ఇరవై ఏళ్ళుగా నేను తిరగేసిన నిఘంటువుల్లో ఇంత శుభ్రమైన అర్థం ఒక్కదానికీ రాసి లేదు. చదువుకున్నానని నాకు ఎంత పొగరుందో ఆ బల్ల దగ్గర తెలిసింది. ఆయన కాళ్ళకి దండం పెడదామనిపించింది. పెడితే గాభరా పడతాడని ఊరుకున్నాను.

రోజు 207

'ఆనవాయితీ: ఒకరు మొదలుపెట్టిన పనిని, వారు లేని చోట, ఎవరి ఆజ్ఞా లేకుండా వేరొకరు చేయగా నిలిచిన పద్ధతి.' ఇలా రాసి పంపాను. వాడకాలు కూడా ఇచ్చాను. ఆనవాయితీగా వస్తోంది అంటాం, ఆనవాయితీ తప్పింది అంటాం. తప్పితే శిక్ష ఉండదు, "ఏం, ఈసారి లేదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు, అంతే.

మేస్త్రి, "ఇది సరిపోయింది. దీన్ని కొలవవచ్చు," అన్నాడు.

కొలవవచ్చు అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. గర్వంతో పొంగిపోతూ గదికొచ్చి, మా అమ్మ లేదు, నేను శ్రీ రాస్తున్నాను, ఇదీ ఆనవాయితీయే అనుకుంటూ హాయిగా పడుకున్నాను.

రోజు 208

నా చేత్తో నేనే ముసలాయన గొంతు కోశాను.

ముప్ఫై ఏడింటిలో ఇరవై మూడు ఆనవాయితీలని తేలాయి. దోశ నిలిచింది, పాలు నిలిచాయి, పనికిరాని రాయి కూడా నిలిచింది. ద్వారం దగ్గరి నీళ్ళు అలవాట్ల వరసలోకి పోయాయి.

"ఏ లెక్కన?" అన్నాను.

"మీరిచ్చిన అర్థం ప్రకారమే. పందొమ్మిదేళ్ళలో ఆ పని గవర్రాజుగారు తప్ప ఎవరూ చెయ్యలేదు. ఆయన లేని రోజు ఒక్కటి కూడా లేదు. ఒక మనిషి చేస్తే అలవాటు."

జ్వరమొచ్చినా వెళ్ళాడట. మోకాలికి ఆపరేషన్ అయిన రోజు కుర్చీలో తోయించుకుని వెళ్ళాడట. భార్య పోయిన రోజు కూడా సాయంత్రం ఆ వేళకి బల్ల దగ్గర ఉన్నాడట. అంత నిష్ఠగా చేసినందుకే అది ఆనవాయితీ కాకుండా పోయింది. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

నేను అరిచాను, తిట్టాను. మేస్త్రి విన్నాడు. ఆఖరికి అన్నాడు, "రెండు వందల పన్నెండో రోజు దాకా గడువుంది. ఈలోగా ఆయన లేనప్పుడు వేరొకరు చేస్తే మళ్ళీ చూస్తాను. కానీ మీరుగాని, ఆయనగాని, నేనుగాని ఎవరికీ చెప్పకూడదు. చెబితే అది ఆజ్ఞ అవుతుంది. అది కూడా మీ అర్థంలోనే ఉంది."

ఈ సంగతి గవర్రాజుకి నేనే వెళ్ళి చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన చెంచాని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అంటే మానకండా చేసినందుకు పోయిందన్నమాట," అన్నాడు.

రోజు 209

ఒక్క సాయంత్రం రాకుండా ఉండమని ఆయన్ని బతిమాలడానికి పూట పట్టింది.

"నేను రాకపోతే వాళ్ళకి నీళ్ళెవరిత్తారమ్మా?"

"అదే కదా బాబాయ్ చూడాల్సింది."

"దాహంతో వత్తారు."

"చెంచాడు నీళ్ళతో తీరే దాహమా అది?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం చిన్నబోయింది. తలవంచుకుని, అసలు భయమేమిటో చెప్పాడు.

"ఎవరూ చెయ్యకపోతేనో? పోనీ చెయ్యకపోయినా పర్లేదు. నేను లేనన్న సంగతే గమనించకండా బుడ్డీలు చంకనెట్టుకుని ఎల్లిపోతేనో? పందొమ్మిదేళ్ళూ పాపం ముసలోడని ఓర్చుకున్నారేమో నాకేం తెలుసు. ఆ సంగతి తెలీకండా కింది అంతత్తుకి పోతేనే నయం కదమ్మా."

ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. లేచి వస్తుంటే వెనకనుంచి, "రేపు మీ గదికి వత్తాను. వాళ్ళని చూపించే బొమ్మ ఉందా మీకాడ?" అన్నాడు.

రోజు 210

జరిగింది జరిగినట్టు రాస్తాను.

గవర్రాజు గంట ముందే వచ్చాడు. ద్వారం దగ్గరి కెమెరా బొమ్మ నా గోడ మీద పెట్టాను. బల్ల కనపడింది, డబ్బా కనపడింది. డబ్బాలో నీళ్ళు నింపకుండా రావడానికి మనసొప్పలేదట, నింపి మూతపెట్టి వచ్చాడు. ఎవరికీ చెప్పలేదని ఒట్టేశాడు. మేస్త్రిని అడిగాను, నింపడం చెప్పడం కిందికి రాదన్నాడు.

తలుపు తెరుచుకునే వేళకి ఆయన కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. "నేను చూడను. నువ్వు చూసి చెప్పమ్మా."

పన్నెండుమంది లోపలికి వచ్చారు. బుడ్డీలు తీశారు. ఎప్పటిలాగే ఇశ్రాయేలు ముందు. విసురుగా రెండడుగులేసి బల్ల దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"ఆగాడు బాబాయ్."

"ఆగుతాడు. అడ్డంగా ఉంటది కదా బల్ల."

ఇశ్రాయేలు అటూ ఇటూ చూశాడు. "ముసలాయనేడీ?" అన్నాడు. "ఒంట్లో బాగోలేదేమో," అంది నూకరత్నం. వరస కదలలేదు. నాలుగో మనిషి అప్పటికే తొడుగులు విప్పి దోసిలి సగం ముడిచి ఉన్నాడు, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు చూసుకుంటున్నాడు. పందొమ్మిదేళ్ళుగా వాళ్ళు పుచ్చుకున్నారేగాని ఒక్కరూ ఇచ్చి ఎరగరు.

ఒక నిమిషం గడిచింది. చివరన ఉన్న ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని, వరస తప్పుకుని సూట్ల గదివైపు నడవడం మొదలుపెట్టారు. అది మాత్రం చెప్పలేకపోయాను.

"ఎల్లిపోతన్నారా?" అని అడిగాడు గవర్రాజు గోడవైపు చూస్తూనే.

"ఉండండి బాబాయ్."

అప్పుడు ఇశ్రాయేలు గొంతు వినపడింది. "ఎక్కడికిరా మీరు? తాగకండానే ఎల్లిపోతారా?" అని ఆ ఇద్దర్నీ కేకేసి, తన బుడ్డీ నేలమీద పెట్టి, బల్ల చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు. గవర్రాజు నిలబడే చోట నిలబడ్డాడు. డబ్బా మూత తీశాడు. బల్లమీద వెతికాడు, బల్లకింద వంగి వెతికాడు. "చెంచా ఎక్కడెట్టాడీ మనిషి," అని గొణిగాడు.

గవర్రాజు చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. బయటికి వచ్చినప్పుడు చేతిలో చెంచా ఉంది. ఏనాడూ దాన్ని అక్కడ వదిలి ఎరగడు, అలవాటుకొద్దీ తెచ్చేసుకున్నాడు. లేచి తలుపువైపు పరుగెత్తబోయాడు. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషిని భుజాలు పట్టుకుని ఆపాల్సి వచ్చింది నాకు. "వాడికి చెంచా లేదమ్మా, చెంచా లేదు," అంటాడు. మీరు వెళ్తే అంతా పోతుంది, కదలకండి అన్నాను. ఇద్దరం అలా నిలబడే గోడమీది బొమ్మ చూశాం. చూడనన్న మనిషి కన్ను ఆర్పలేదు.

ఇశ్రాయేలు చేతిలోని డబ్బా మూత వంక చూశాడు. దాన్నే తిప్పి పట్టుకుని నీళ్ళలో ముంచాడు. అంచుకి రెండుసార్లు తట్టాడు.

"వచ్చావా?" అన్నాడు నూకరత్నాన్ని చూసి.

ఆ గొంతులో చిరాకు లేదు. అచ్చం గవర్రాజు లాగే తలకాయ కొంచెం పక్కకి వంచాడు. ఎగతాళికి కాదు, ఆ మాట అనాలంటే తల అలాగే వంచాలని వాడికి తెలిసినట్టుంది.

"వచ్చాను," అంది నూకరత్నం. దోసిలి పట్టింది.

"అంత పొయ్యకూడదు," అని నా పక్కన గవర్రాజు గొణుగుతున్నాడు. "మోచేతిదాకా కారుద్ది. సగం ముంచాలి. సగం ముంచరా నాయనా." కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, నోరు మాత్రం వంక పెట్టడం మానలేదు.

పదకొండుమందికీ పోశాడు. వెళ్ళిపోబోయిన ఇద్దరూ తిరిగొచ్చి దోసిలి పట్టారు. ఆఖరికి డబ్బా అడుగున మూతెడు నీళ్ళు మిగిలాయి, మనిషి ఒక్కడు మిగిలాడు. ఇశ్రాయేలు తన బుడ్డీ తీసుకుని కదలబోతుంటే నూకరత్నం ఆ మూత వాడి చేతిలోంచి లాక్కుంది.

"వచ్చావా?" అంది.

రోజూ 'రాకపోతే ఎక్కడికెల్తాను' అనే మనిషి, చేతులు చాపి నిలబడి, "వచ్చాను," అన్నాడు.

రోజు 211

మేస్త్రి ఒక్క ప్రశ్నే అడిగాడు. "రోజూ చెంచా, నిన్న మూత. కొలత కూడా మూడింతలు. ఇది అదే పని అని రాయవచ్చా?"

"అదే పని," అన్నాను.

"చెంచా మారితే ఆనవాయితీ తప్పినట్టు కాదా?"

"చెంచా లేదని మానేస్తే తప్పినట్టు."

ఇది కూడా అర్థం కింద చేర్చుకున్నాడు. ఇరవై తొమ్మిదో పని ఎదురుగా 'ఆనవాయితీ, జోలికి పోరాదు' అని పడింది. నడవ వేడికి కావలసిన కరెంటు ఎక్కడ మిగల్చాలో వెతుకుతానన్నాడు. నా గదిలో దీపం కాస్త తగ్గించుకోమన్నాను. ఇన్నాళ్ళూ వాడితో పేచీ పెట్టుకోవడమే నా పనైంది. ఇవాళ మాత్రం మెచ్చుకోక తప్పలేదు. ఇచ్చిన మాటకి ఓడినా గెలిచినా కట్టుబడ్డాడు.

ఇవాళ కూడా గవర్రాజుని నేనే ఆపాను. రెండు రోజులుగా నిద్ర లేదు, మోకాలు వాచింది. ద్వారం దగ్గర ఏం జరిగిందో మేం బొమ్మలో చూడలేదు. చూడక్కర్లేదు అన్నాడాయన, హాయిగా గురక పెట్టాడు.

రోజు 212

పొద్దున గవర్రాజుతో పాటు నేనూ ద్వారం దాకా నడిచాను. ఇస్త్రీ చొక్కా, జేబులో చెంచా. తవ్వకానికి బయలుదేరేవాళ్ళు అప్పటికే సూట్లు తొడుక్కుని నడవలో ఉన్నారు. ఆయన్ని చూసి మాటలు ఆపేశారు. ఆయన సిగ్గుపడుతూ బల్లవైపు వెళ్ళబోయాడు.

బల్ల వెనక ఇశ్రాయేలు నిలబడి ఉన్నాడు, చేతిలో డబ్బా మూత.

"వచ్చారా?" అన్నాడు.

గవర్రాజు ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. పందొమ్మిదేళ్ళుగా ఈ మాట ఊరందరినీ అడిగాడు. ఆయన్ని అడిగిన మనిషి లేడు. ఆయన ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు కదా, రావడానికి.

"చెయ్యి పట్టండి," అన్నాడు ఇశ్రాయేలు. ఈసారి సగమే ముంచాడు.

ముసలాయన దోసిలి పట్టాడు. ఎన్ని దోసిళ్ళు చూసి ఉంటాడు, అయినా తనది ఎలా పట్టాలో తెలియలేదు, వేళ్ళ సందుల్లోంచి రెండు బొట్లు మెల్లగా జారాయి. నూకరత్నం కింద తన చెయ్యి పెట్టి పట్టుకుంది.

"వచ్చానండి," అన్నాడు గవర్రాజు. గుటకేసి, తడిచేత్తో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

నా చెవి దగ్గర మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "రత్నావళిగారూ, ఇది జాబితాలో లేదు. ద్వారపాలకుడికి నీళ్ళివ్వడం. ఏమని రాయను?"

"ఇవాళేగా మొదలు. ఇప్పుడే ఏమీ రాయకు," అన్నాను. "ఇశ్రాయేలు లేని రోజు చూద్దాం."

"వచ్చే నెల ఆరో తారీఖున ఇశ్రాయేలు సెలవు పెట్టాడు," అన్నాడు మేస్త్రి. "ఆ రోజు నేను చూస్తూ ఉంటాను. ఎవరికీ చెప్పను."